కళ్ళు మూసుకొమ్మనే సౌందర్యం

ఈమధ్య పాలమూరు సంస్థానాల సాహిత్యం మీద జరిగిన ఒక సభకు వెళ్ళాను. వక్త పండితుడు, మంచి కంఠం ఉన్నవాడు. సీసపద్యాలను రాగయుక్తంగా చదువుతూ, శ్లేషలను ఒక్కొక్కటిగా విప్పి చూపిస్తూ గంటసేపు మమ్మల్ని కదలనివ్వలేదు. చివర శ్రోతల్లోంచి ఒక కుర్రవాడు లేచి, ఈ కావ్యాలు పుట్టిన కాలంలో ఆ ఊళ్ళలో జనం ఎలా బతికారో వీటిలో ఎక్కడైనా కనిపిస్తుందా అని అడిగాడు. వక్త నవ్వి, "కవిత్వాన్ని అందం అడగాలి నాయనా, నీతి అడగకూడదు. నీతి కావాలంటే శతకాలున్నాయి, చదువుకో" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చాక ఆ చప్పట్లకు సిగ్గుపడ్డాను. ఆ కుర్రవాడికి అక్కడే చెప్పవలసిన జవాబును ఆలస్యంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇది ఆ కావ్యాలంటే గిట్టనివాడు రాస్తున్న టపా కాదు. నేను వాటి మధ్య పెరిగాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఇప్పుడు మూడు జిల్లాలు. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడగొట్టకముందు అవి ఒకే పాలమూరు. ఆ నేల మీద కవిత్వానికి జరిగిన మర్యాద చిన్నది కాదు. "విద్వద్గద్వాల" అన్న పేరు ఊరకే రాలేదు. కార్తిక, మాఘ మాసాల్లో అక్కడ పండితసభలు జరిగేవి. ఎక్కడెక్కడి కవులో నడిచీ బండ్లెక్కీ వచ్చి, సత్కారాలందుకొని వెళ్ళేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో గద్వాలనేలిన చినసోమభూపాలుడు కవులను పోషించడమే కాక తానూ కవిత్వం చెప్పినవాడు. ఆ తరవాతి కాలంలో తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాల గడప తొక్కారు. నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో వెలుగులోకి తెచ్చిన మానవల్లి రామకృష్ణకవికి వనపర్తి సంస్థానంతో అనుబంధం ఉంది. ఇక కృష్ణ ఒడ్డున ఉన్న జటప్రోలు సంస్థానం సంగతి చెప్పనక్కరలేదు. తరవాత కొల్లాపురం దాని రాజధాని అయింది. ఆ సంస్థాన ప్రభువు సురభి మాధవరాయలు స్వయంగా "చంద్రికా పరిణయం" రాశాడు. ఆ సురభివారి ఆశ్రయంలోని ఎలకూచి బాలసరస్వతి "రాఘవ యాదవ పాండవీయం" రాశాడు. ఒకే పద్యంలో రాముని కథ, కృష్ణుని కథ, పాండవుల కథ మూడూ నడవాలి. పింగళి సూరన రెండర్థాలతో ఆగితే ఈయన మూడర్థాలకు వెళ్ళాడు.

తెలంగాణలో కవులు లేరని ఒకప్పుడు ఎవరో అంటే, సురవరం ప్రతాపరెడ్డి 1934లో "గోలకొండ కవుల సంచిక" తీసి 354 మంది కవులను వరసగా నిలబెట్టాడు. ఆయన ఈ నేలవాడే. సొంత ఊరు గద్వాల దగ్గరి ఇటికాలపాడు. 1952లో శాసనసభకు ఎన్నికయింది వనపర్తి నుంచి. ఆ సంచిక మాకిచ్చిన ధైర్యం అంతా ఇంతా కాదు. 2014 తరవాత మళ్ళీ ఆ కవుల పేర్లు వినిపిస్తున్నాయి, పుస్తకాలు అచ్చవుతున్నాయి. సంతోషమే. కాని "మాకూ కవులున్నారు" అన్నది మొదటి జవాబు. ఆ జవాబు ఇచ్చి తొంభై ఏళ్ళయింది. ఇక రెండో ప్రశ్నకు రావాలి. ఆ కవులు ఏం చూశారు, ఏం చూడలేదు? ఆ కుర్రవాడు అడిగింది ఈ రెండో ప్రశ్న. మనం వాడికి మొదటి జవాబే మళ్ళీ వినిపించాం.

ఆ ప్రశ్నను నేను మొదట విన్నది సభలో కాదు, మా ఇంట్లో.

మా నాయనమ్మ వనపర్తి దగ్గరి పల్లెలో పుట్టింది. బడి ముఖం చూడలేదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు, కొత్తగా నేర్చుకొన్న చదువు చూపించుకోవాలన్న ఉబలాటంతో ఒక ప్రబంధంలోని విరహ ఘట్టం ఆమెకు చదివి వినిపించాను. నాయిక తాపంతో అలమటిస్తూంటుంది. చెలికత్తెలు చుట్టూ చేరి తామరాకుల పాన్పు పరుస్తారు, గంధం పూస్తారు, కర్పూరం చల్లుతారు, వీవనలతో రేయింబవళ్ళు విసురుతారు. పద్యం పద్యానికీ అర్థం చెప్పాను. ఆమె శ్రద్ధగా విని "శాన మంచిగున్నది బిడ్డా" అన్నది. కాసేపు ఊరుకొని, "గంతసేపు ఇసిరితె ఆ పిల్లకు చేతులు గుంజవా?" అని అడిగింది.

నేను నవ్వాను. రసం తెలియని ప్రశ్న అనుకొన్నాను. అది కవిసమయమనీ, అక్కడ చేతుల నొప్పి గురించి అడగకూడదనీ చెప్పబోయాను. ఆమె నవ్వలేదు. తరవాత ఎప్పుడో మా నాయన చెప్పాడు. పదేళ్ళ వయసులో ఆమె ఒక దొరవారి ఇంట్లో వెట్టికి పంకా తాడు గుంజింది. ఎండాకాలం మధ్యాహ్నాలు దొరసాని నిద్ర లేచేదాకా గుంజాలి. కునుకు పడితే తాడు ఆగుతుంది, తాడు ఆగితే తిట్లు. కూలి లేదు. మిగిలిన అన్నం పెట్టేవారు.

ఈ సంఘటనలో నేను మరచిపోలేనిది ఆమె చెప్పిన మొదటి మాట. "శాన మంచిగున్నది" అని ఆమె మనస్ఫూర్తిగా అన్నది. అందం ఆమెకు అందింది. అందం అందాకనే అడిగింది. అరసికురాలి ప్రశ్న కాదది. నాకంటె బాగా విన్న శ్రోత ప్రశ్న. ఆ పద్యంలో నేను ఒక్క నాయికనే చూశాను, ఆమె ఇద్దరు ఆడపిల్లలను చూసింది.

ప్రబంధాల్లో చెలికత్తె ఎవరు? ఆమెకు పేరుంటే ఉంటుంది, లేకుంటే లేదు. తల్లి లేదు, తండ్రి లేడు, పెళ్ళి లేదు, తనదైన విరహం అసలే లేదు. నాయిక నిట్టూర్పు ఆమె నిట్టూర్పు. పెళ్ళైతే నాయికతో పాటు ఆమె కూడా అత్తవారింటికి వెళుతుంది. ఇది ఎంత హాయిగా కనిపిస్తుందో పద్యాల్లో! బయటికి వచ్చి చూడండి. తెలంగాణ గడీల్లో ఆడబాప అనే మనిషి ఉండేది. దొరబిడ్డ పెళ్ళైతే అరణంతో పాటు ఒక ఆడపిల్లనూ పంపేవారు. ఆ పిల్ల జీవితాంతం ఆ ఇంటి దాసి. యజమానుల కోరికకూ ఆమే బలి. ఆమెకు పుట్టిన పిల్లలకు తండ్రి పేరుండదు. చెలికత్తెలందరూ ఆడబాపలేనని నేను అనడం లేదు. ఫలానా సంస్థానంలో ఫలానా కవి ఫలానా ఆడబాపను చూసి రాశాడనీ అనడం లేదు. పద్యంలో మనం మురిసిపోయే ఆ ఏర్పాటుకు లోకంలో ఒక ముఖం ఉంది, ఆ ముఖం మీద పద్యం పట్టుతెర వేసింది. అంతవరకే నా అభియోగం.

అంచేత నీతి అనే మాటను నేను ఏ అర్థంలో వాడుతున్నానో ఇక్కడే చెప్పుకోవాలి. నీతి అంటే ఉపదేశం కాదు. పద్యం చివర తోకలా అతికించే సూక్తి కాదు. శీలానికి కాపలా కాయడం అంతకన్నా కాదు. ఒక అందం కోసం ఎవరు ఏం చెల్లించారో చూడగలగడమే నీతి. చూసి, చూడనట్టు నటించకపోవడమే నీతి. గద్వాల చీర నేయడం చూసినవారికి నా మాట తేలికగా తెలుస్తుంది. ఒంటి భాగం నూలు, అంచు పట్టు. అయితే ఆ అంచు విడిగా నేసి పైన కుట్టింది కాదు. మగ్గం మీదే నూలు పోగునూ పట్టు పోగునూ ఒకదానిలో ఒకటి పెనవేసి కలుపుతారు. కుప్పడం అంటారు దాన్ని. అంచు లాగేస్తే చీరే చిరుగుతుంది. కావ్యంలో నీతి ఉండవలసింది అలాగ. మనవాళ్ళు మాత్రం దాన్ని పైన కుట్టిన అంచనుకొని, కుడితే నీతికావ్యం, విప్పితే శుద్ధకావ్యం అంటున్నారు.

ఇదంతా ఆధునికుల గోల అనీ, మన పూర్వులు ఇలా ఆలోచించలేదనీ అనేవారికి ఒక కథ గుర్తు చేస్తాను. అందరికీ తెలిసిన మనుచరిత్రే. వరూధిని సౌందర్యాన్ని ప్రవరుడు కాదని వెళ్ళిపోయేదాకా మనం పిల్లలకు పాఠం చెప్పి ఆపేస్తాం. అసలు భయంకరమైన ఘట్టం ఆ తరవాత ఉంది. అంతకుముందు వరూధిని తిరస్కరించిన గంధర్వుడొకడు ప్రవరుని రూపం ధరించి వస్తాడు. అదే ముఖం, అదే ఛాయ, అదే కంఠం. ప్రవరుని అందమంతా ఉంది, ప్రవరుణ్ణి ప్రవరునిగా నిలబెట్టిన నిష్ఠ మాత్రం లేదు. వాడు ఆమెకు ఒక షరతు పెడతాడు. కలయిక వేళ కళ్ళు మూసుకోవాలి. తెరిస్తే తన అసలు రూపం బయటపడుతుంది కనక.

నీతి లేని అందానికి ఇంతకన్నా మంచి నిర్వచనం ఏ సాహిత్యంలోనైనా ఉందేమో నాకు తెలియదు. అది వికారంగా రాదు, మనం కోరుకొన్న రూపంలోనే వస్తుంది. అడిగేది కూడా చాలా చిన్నది, కాసేపు కళ్ళు మూసుకొమ్మంటుంది, అంతే. వరూధిని పొందినది ఆనందమా కాదా అని అడిగితే ఆనందమే. కాని ఆమెను వాడు మోసం చేశాడు. ఆ సంగతి పెద్దనకు తెలుసు, పాఠకుడికి తెలుసు, తెలియనిది ఆమె ఒక్కతెకే. ఈ సొగసైన ఘట్టంలో గుండె కలుక్కుమనే చోటు అదే. పెద్దన దాన్ని దాచలేదు. దాచుతున్నది పద్యాల సొగసును చెప్పి షరతును వదిలేసే మన వ్యాఖ్యాతలు.

మన అలంకారికులు కూడా ఈ విషయంలో అమాయకులు కారు. శృంగారమంతా రసం కాదని వాళ్ళు స్పష్టంగా చెప్పారు. ఒకవైపే ఉన్న కోరిక, పొందకూడని చోట కోరిక, బలవంతపు కోరిక, ఇవి ఎంత గొప్పగా వర్ణించినా రసాభాసమే. రావణునికి సీత మీద ఉన్న వ్యామోహం దానికి వాళ్ళిచ్చే ఉదాహరణ. అంటే ఏమిటి? ఎదుటి మనిషి ఇష్టానిష్టాలు లెక్కలోకి రాకపోతే, అందం అందంగానే విఫలమవుతుందని! ఔచిత్యం తప్పడమే రసభంగానికి మూలమని ఆనందవర్ధనుడు చెప్పిందీ ఇదే దారి. ఔచిత్యాన్ని మనం రాజుకు తగిన మాట, దాసికి తగిన మాట అన్న లెక్కకు కుదించుకొన్నామంటే ఆ లోపం మనది. "కవిత్వాన్ని నీతి అడగకూడదు" అన్న ఆ సూత్రం మన సంప్రదాయంలోది కానే కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో కళ కళ కోసమే అన్న వాదం నుంచి వచ్చింది. పట్టుకండువా కప్పుకొని దాన్ని మన పూర్వుల నోట పలికించడం చూస్తే నవ్వు వస్తుంది.

పోనీ, ఆ వాదానికి జెండా ఎత్తిన ఆస్కార్ వైల్డ్ ఏం చేశాడో చూడండి. 1891లో "డోరియన్ గ్రే చిత్తరువు" నవలకు రాసిన ముందుమాటలో, పుస్తకాలకు నీతి అవినీతులు అంటవన్నాడు. ఆ ముందుమాట తరవాత ఉన్న నవల దాన్ని అడుగడుగునా కాదంటుంది. డోరియన్ ఒక పేద నటిని ప్రేమిస్తాడు, నిజానికి ఆమె నటనను ప్రేమిస్తాడు. ఒక రాత్రి ఆమె సరిగా నటించలేకపోతే వదిలేస్తాడు. ఆమె చనిపోతుంది. ఆ చావును కూడా వాడు ఒక అందమైన విషాదాంత నాటకంలా చూడటం నేర్చుకొంటాడు. ఆ క్షణం నుంచి వాడి పతనం ఆగదు. వైల్డ్‌లోని వాదిని వైల్డ్‌లోని కథకుడు ఓడించాడు. గొప్ప కళాకారుల విషయంలో తరచు జరిగేది ఇదే. వాళ్ళ సిద్ధాంతాలు కళ్ళు మూసుకొమ్మంటాయి, వాళ్ళ కథలు మూసుకోవు.

ఇక్కడ మిత్రులు కొందరు వెంటనే లేస్తారని తెలుసు. నీతి పేరిట జరిగిన ఘోరాలు మరిచావా అని అడుగుతారు. మరవలేదు. ముద్దుపళని "రాధికా సాంత్వనము"ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించింది. అంతకుముందే కందుకూరి వీరేశలింగంగారు ఆ కావ్యాన్ని అశ్లీలమని తిట్టి ఉన్నారు. ఆ మరుసటి ఏడు, 1911లో, ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. పురుషులు రాసిన శృంగారాన్ని సహించే పెద్దలు స్త్రీ రాస్తేనే ఎందుకు ఉలిక్కిపడతారని నాగరత్నమ్మ నిలదీసింది. ఆమె ప్రశ్న న్యాయమైనది. నా ప్రశ్నా ఆమె పక్షానిదే. అశ్లీలం వేరు, అనీతి వేరు. ఒక స్త్రీ తన కోరికను తన నోటితో చెప్పడంలో మోసపోయినవారెవరూ లేరు. ఇంకొక స్త్రీ నోరు నొక్కి, ఆమె తరఫున తానే నిట్టూర్చే సభ్యమైన పద్యంలో ఉంటే ఉండవచ్చు. శీలం పేరుతో పుస్తకాలు తగలబెట్టేవాడూ, అందం పేరుతో ప్రశ్నను తోసిపుచ్చేవాడూ ఒకరికొకరు శత్రువులుగా కనిపిస్తారు. ఇద్దరూ చేసేది మాత్రం ఒకే పని. చూడవద్దంటారు.

దీనికి మంచి సాక్ష్యం క్రీడాభిరామం. పైన చెప్పిన మానవల్లివారే దాన్ని మొదట అచ్చువేశారు. అందులో మర్యాదస్థులు ముఖం తిప్పుకొనే వర్ణనలు చాలానే ఉన్నాయి. అయినా ఓరుగల్లు వీధులు, పూటకూళ్ళ ఇల్లు, కోడిపందెం, వాడల్లోని మనుషులు, వాళ్ళ వేషాలు, వాళ్ళ దేవతలు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ కవి కళ్ళు తెరుచుకొని ఊరంతా తిరిగాడు. అందుకే సురవరం ప్రతాపరెడ్డి 1949లో "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" రాసినప్పుడు అలాంటి కావ్యాల్లోంచి తెలుగు ప్రజల తిండి, బట్ట, ఆట, పాట ఏరి తీయగలిగాడు. రాజుల యుద్ధాలు కాక జనం బతుకే చరిత్ర అన్న ఆ పుస్తకానికి 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగుకు అదే మొదటిది. అప్పటికి ఆయన లేడు.

సంస్థానాల నేల మీద పుట్టి, ఆ కవిత్వాన్ని గుండెకు హత్తుకొని, ఆ కవులకోసం సంచిక తీసిన మనిషే, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించాడు. వెట్టిచాకిరీ మీద గొంతెత్తిన మహాసభ అది. ఆయనకు ఈ రెంటి మధ్య వైరుధ్యం కనిపించలేదు. పద్యాన్ని ప్రేమిస్తూనే దాన్ని సాక్షిబోనులో నిలబెట్టాడు. "నీవు పాడిన రోజుల్లో జనం ఏం తిన్నారు?" అని అడిగాడు. ఆ కుర్రవాడు సభలో అడిగినది ప్రతాపరెడ్డి అడిగినదే. ప్రతాపరెడ్డి పేరు వేదిక మీద పూలదండలతో అలంకరించి, ఆయన ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి శతకాలకు పంపించాం!

ఇంకొక ఆక్షేపణ ఉంది, దీనికి బలం ఎక్కువ. నాలుగు వందల ఏళ్ళనాటి కవిని నేటి కొలతతో కొలవవచ్చునా? ఆ కాలానికి ఆ కళ్ళే ఉన్నాయి గదా? సమాధానం జటప్రోలులోనే ఉంది. మూడర్థాల కావ్యం రాసిన ఎలకూచి బాలసరస్వతే భర్తృహరి సుభాషితాలను తెనిగించి సురభి మల్లభూపాలుడికి అంకితమిచ్చాడు. మల్లభూపాలీయం అంటారు దాన్ని. నీతి, శృంగారం, వైరాగ్యం, మూడు శతకాలు. మూడింటా ఒకే ప్రభువు పేరు సంబోధన. ధనమదాన్ని, రాజసేవలోని దైన్యాన్ని, మూర్ఖప్రభువు కొలువును భర్తృహరి ఎలా దుయ్యబట్టాడో మీకు తెలుసు. ఆ మాటలను ఒక ప్రభువు ఎదుటే తెలుగులో నిలబెట్టిన కవికి లోకం తెలియదనగలమా? నీతీ శృంగారమూ ఒకే కలం నుంచి, ఒకే కొలువులో, ఒకే పేరు పిలుస్తూ వచ్చాయి. అందాన్ని ఒక గదిలో, నీతిని ఇంకొక గదిలో పెట్టి మధ్య గోడ కట్టింది వాళ్ళు కారు. శతకాలు చదువుకొమ్మన్న మన వక్తే కట్టాడు.

అయినా చనిపోయిన కవులను మారమని నేనెందుకు అడుగుతాను? వాళ్ళను అడగడం లేదు, బతికున్న పాఠకులను అడుగుతున్నాను. పాత పద్యంలోని గుడ్డితనం పాత పద్యంలో ఉంటే చరిత్ర. దాన్ని రసజ్ఞత అనుకొని మనం నేర్చుకొంటే ప్రమాదం. ఎందుకంటే ఆ అలవాటు పుస్తకం మూసినా పోదు.

ఉదాహరణకు ఆ జటప్రోలే చూడండి. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ పొడుగునా పాలమూరు, కర్నూలు జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు మునిగాయి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ, కృష్ణా తుంగభద్రలు కలిసే చోటున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ రాయి రాయిగా విప్పి, తరలించి, మళ్ళీ కట్టారు. కూడవెల్లి గుడి ఇప్పుడు అలంపురంలో ఉంది. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండాలో తప్పకుండా చూసుకొన్నారు. మంచి పని, ఆ శిల్పాలు మిగిలినందుకు నేనూ చేతులెత్తి మొక్కుతాను. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు మనుషులకు ఆ పాటి శ్రద్ధ దక్కలేదు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో ఎవరూ రాసి పెట్టలేదు. పరిహారం కోసం, ఉద్యోగాల కోసం వాళ్ళు దశాబ్దాల తరబడి తిరిగారు. నేడు ఆ గుళ్ళకు వెళ్ళి, శిల్పాల అందం చూసి, ఫొటోలు తీసుకొని వస్తాం. ఆ రాళ్ళు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ మనుషులెక్కడికి వెళ్ళారని అడిగినవారిని నేను చాలా తక్కువగా చూశాను. ఈ చూపు మనకు ఎక్కడినుంచి వచ్చింది? వీవనను చూసి చేతిని చూడకుండా వందల ఏళ్ళు సాధన చేసినవాళ్ళం గదా!

ఈ దోషం పాతవాళ్ళదే అనుకొని అభ్యుదయ మిత్రులు సంబరపడకండి. మన పక్షంలోనూ ఇది పుష్కలంగా ఉంది. పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. పాలమూరు లేబరు అన్నది ఒక పేరుగా స్థిరపడింది. వాళ్ళ మీద ఎన్ని కవితలు! పగిలిన పాదాలు, ఎండిన చెరువు, ఎదురుచూసే ముసలి తల్లి. ప్రతిమ కుదిరిందా, చప్పట్లు పడ్డాయా, అయిపోయింది. ఆకలిని అలంకారం చేసుకోవడం చంద్రోపాలంభం కన్నా ఏ విధంగా గొప్ప? అక్కడ చెలికత్తె నాయిక కోసం విసిరింది, ఇక్కడ కూలీ కవి కోసం ఏడుస్తున్నాడు.

ఈ మాట నన్ను నేను తిట్టుకోవడానికే రాశాను. నాయనమ్మ పోయాక నేనూ ఒక కవిత రాశాను. బహుమతి కూడా వచ్చింది. అందులో ఆమె చేతులను లతలన్నాను, తాడును కాలం అన్నాను, పంకాను రెక్క తెగిన పక్షి అన్నాను. వేదిక దిగాక మా చిన్నత్త దగ్గరికి వచ్చి, "మంచిగ రాసినవురా. గని అమ్మ చేతులు లతల్లెక్క ఎప్పుడున్నయి? కాయలు కాసి గట్టిగుండె" అన్నది. దొరసాని చేతులకు వాడవలసిన ఉపమానాన్ని తెచ్చి పంకా గుంజిన పిల్ల చేతులకు తగిలించాను. సానుభూతితోనే చేశాను, అందంగానే చేశాను, కళ్ళు మాత్రం మూసుకొనే చేశాను. ఆ కవితను మళ్ళీ ఎక్కడా అచ్చుకివ్వలేదు.

అయితే కళ్ళు తెరిస్తే అందం చచ్చిపోతుందా? చావదని చెప్పడానికి ఆ నేలే సాక్ష్యం. నాగర్‌కర్నూలు జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాటలు విన్నవారికి చెప్పవలసిన పని లేదు. "వల్లంకి తాళం"కు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన పాటలో వాగు అందంగానే ఉంటుంది, పిట్ట అందంగానే ఉంటుంది, కూలిన మగ్గం, కొలిమి కూడా ఆ లయలోనే ఉంటాయి. నీతి కోసం లయను తగ్గించలేదు, లయ కోసం మనిషిని మాయం చేయలేదు. కుప్పడం అంచు లాంటి కలయిక అది. అలాంటిది ఒకటి చూశాక, అందమో నీతో ఏదో ఒకటే ఎంచుకొమ్మనే బేరాన్ని నేను ఒప్పుకోలేను.

అందుకని, సభలో ప్రశ్న అడిగిన తమ్ముడూ, నీకు నా జవాబు ఇది. అడుగు. చంద్రికా పరిణయం చదువు, మనుచరిత్ర చదువు, మూడర్థాల పద్యాన్ని మూడు సార్లు చదివి ఆశ్చర్యపో. "శాన మంచిగున్నది" అనడానికి సంకోచించకు. అందాన్ని అందుకోలేనివాడు అడిగే నీతి ప్రశ్నకు విలువ తక్కువ. అందుకొన్నాక మాత్రం అక్కడ ఆగిపోకు. విసిరే పిల్ల చేతుల సంగతి అడుగు. పద్యం నిజంగా గొప్పదైతే ఆ ప్రశ్నకు తట్టుకొంటుంది. తట్టుకోలేకపోతే, దాని లోటు ఎక్కడుందో నీకూ తెలుస్తుంది, మాకూ తెలుస్తుంది.

శతకాలు చదువుకొమ్మన్న ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. ఆయన కంఠం ఇప్పటికీ చెవుల్లో ఉంది. మళ్ళీ సభ జరిగితే మళ్ళీ వెళతాను, పద్యాలు మళ్ళీ వింటాను. ఈసారి ఆ ప్రశ్న నేనే లేచి అడుగుతాను. నా చిన్నతనంలో మా ఇంట్లోనే ఆ ప్రశ్న అడిగిన మనిషికి జవాబివ్వకుండా నవ్విన అప్పు ఒకటి నా మీద ఉంది.